జబ్బ తిన్నవాడు

కెన్యా; తెల్లదొరల ఏలుబడి. మావు కొండల దిగువన ఉన్న జిల్లా కోర్టు వెనక, రేకుల కప్పు వేసిన ఖైదీల కొట్టు. మధ్యాహ్నపు విరామం. చువ్వల లోపల ముసలి వేటగాడు లెబూ. వెలుపల అతని భార్య తబుతానీ. అతని చెల్లెలి కొడుకు, కోర్టు దుబాసీ సనారే.

“ఒప్పుకున్నాడు కదా అల్లుడూ. అందరి ముందూ లేచి నిలబడి మరీ ఒప్పుకున్నాడు. ఇంకా నన్నీ కొట్లో ఎందుకు కూర్చోబెట్టినట్టు?”

“ముందు అంబలి తాగు మామయ్యా.”

“తాగుతాలే. ఆ ఎత్తు కుర్చీలో కూర్చున్నాయన ఆఖర్న ఏదో అన్నాడు. నువ్వు మాకు చెప్పలేదు.”

“విరామం అన్నాడు.”

“అంత పొడుగు మాటకి అంతేనా?”

“భోజనాలయ్యాక తీర్పు చెబుతానన్నాడు. అత్తా, ఆ సొరబుర్ర ఇటివ్వు. చువ్వల్లోంచి పట్టదు.”

“పడుతుంది నాయనా. పొద్దున పట్టింది.”

“చూశావా తబుతానీ, వీడి మొహం? నేను గెలిచిన రోజున వీడు పీనుగు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు. బూట్లు బిగుసుకున్నాయేమో అడుగు.”

“ఆయన వేళాకోళానికేం గాని, నువ్వు కూర్చో నాయనా. నువ్వు కూడా తాగు కాస్త.”

“నాకొద్దత్తా.”

“దుబాసీ గారు అంబలి తాగరే. దొరల టీనీళ్ళు అలవాటయ్యాయి. అల్లుడూ, నిజం చెప్పు. మెరిడిత్ దొర లేచి, ‘అవును, ఈ ముసలాడు నాకు వేటలో ముందరి జబ్బ పంపేవాడు, నేను తీసుకునేవాణ్ణి’ అన్నాడా లేదా?”

“అన్నాడు.”

“నువ్వేం కల్పించలేదుగా?”

“ఒక్క ముక్క కల్పించలేదు.”

“మరింకేం. జబ్బ తిన్నవాడు అతిథి. అతిథి ఆ అడవిలో విల్లెత్తకూడదు, తుపాకీ ఎత్తకూడదు, ఇంటివాడి మీద నోరెత్తకూడదు. తిన్నానని వాడే చెప్పాడు. ఇక కేసెక్కడుంది?”

“మామయ్యా…”

“మా తాత కాలంలో మాసాయి వాళ్ళు కరువుకి పశువుల్ని తోలుకుని మా అడవి అంచుకొచ్చారు. ఎంతమంది, ఎన్ని ఈటెలు. తాత ఏం చేశాడు? జింకని కొట్టి ముందరి జబ్బ పంపాడు. తిన్నారు. అంతే. ఆ ఏడాదంతా మా అడవిలో ఒక్క కుందేలుని ముట్టుకోలేదు వాళ్ళు. ఈటెల వాళ్ళకున్న సిగ్గు తుపాకుల వాళ్ళకి ఉండదా?”

“ఆ మాట కోర్టులో కూడా అన్నావు.”

“అన్నాను. బాగా అన్నానా?”

“చాలా బాగా అన్నావు మామయ్యా. అక్కడే మునిగాం.”

“ఏమన్నావు?”

“ఏమయ్యా, మెల్లగా మాట్లాడు. ఆ పోలీసు ఇటే చూస్తున్నాడు.”

“చూడనీ తబుతానీ. వీడేదో అంటున్నాడు. మళ్ళీ అను.”

“మునిగాం అన్నాను. నువ్వు ఓడిపోయావు మామయ్యా. తీర్పు ఇంకా చదవలేదు గాని, అయిపోయినట్టే.”

“దొర ఒప్పుకున్నాక?”

“ఒప్పుకున్నాడు కాబట్టే.”

“నీకు ఎండదెబ్బ తగిలింది. ఏమే, వీడి నెత్తిన ఆ నీళ్ళు చల్లు.”

“కాస్త వినయ్యా. కుర్రాడు చెప్పేది విను.”

“చెప్పమను. అడ్డమెవడొచ్చాడు?”

“విను మామయ్యా. దొరకి సర్కారు ఇచ్చింది కౌలు. ఆ కౌలులో గడ్డి ఉంది, కలప ఉంది, వాగు నీళ్ళున్నాయి. వేట ఊసు లేదు. రాయడం మరిచారో, అక్కర్లేదనుకున్నారో, లేదు. అందుకని మేజిస్ట్రేటు, ‘వేట ఎవరిదో ముందు తేలాలి’ అన్నాడు. ఈ ముసలాడు ఆ అడవిలో తన హక్కుతో వేటాడుతున్నాడా, దొర ఇచ్చిన అనుమతితో వేటాడుతున్నాడా? కేసంతా ఇంతే.”

“హక్కుతోనే.”

“మేజిస్ట్రేటు కూడా దాదాపు అలాగే అనుకున్నాడు. మీ తాత తేనెటీగల కోసం కట్టిన తేనెతొట్లు ఇంకా చెట్ల మీదున్నాయన్నావు. రాసుకున్నాడు. కింది వాగు నుంచి పై వెదురుపొదల దాకా మీ ఇంటివాళ్ళదే, పక్క అడవిపాయ ఇంకొకరిదన్నావు. అదీ రాసుకున్నాడు. దొర వకీలుకి చెమటలు పట్టాయి. అక్కడ ఆగుంటే, మామయ్యా…”

“ఆగితే?”

“ఆగలేదుగా.”

“జబ్బ సంగతి చెప్పాను.”

“ఎవరూ అడక్కుండా చెప్పావు.”

“అడగాలా? నా దగ్గరున్న గట్టి మాట అది. దాన్ని కడుపులో దాచుకోనా?”

“వాళ్ళ దేశంలో అది తిరగబడి ఉంటుంది మామయ్యా. భూమి ఎవరిదో వాళ్ళింటికి దున్నేవాడు వాటా మోసుకెళ్ళి ఇస్తాడు. వేటాడేవాడూ అంతే. ఇచ్చేవాడు కిందివాడు, పుచ్చుకునేవాడు పైవాడు. నువ్వు జబ్బ పంపానన్నావు చూడు, ఆ నిమిషాన ఆయన కలం ఆగింది. కళ్ళద్దాలు తీసి నీ వంక చూశాడు.”

“నేను బాగా మాట్లాడానని చూశాడనుకున్నాను.”

“నేనూ ఆ చూపు చూశాను.”

“మరి ఇది మన పద్ధతి, ఇంటివాడే అతిథికి పెడతాడు అని చెప్పలేదా నువ్వు?”

“చెప్పాను. ‘ఆచారాల సంగతి మనకెందుకు, ఇచ్చాడా లేదా’ అన్నాడు. ఇచ్చాడన్నాను. ‘ప్రతిసారీనా?’ అన్నాడు. నువ్వేమన్నావు?”

“ప్రతిసారీ అన్నాను. తప్పలేదన్నాను.”

“అన్నావు. గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నావు. అప్పుడు దొర వకీలు వంగి దొర చెవిలో ఏదో ఊదాడు. దొర లేచాడు. ‘అవును, ఇతను నా అనుమతితో వేటాడుకునేవాడు, దానికి గాను నాకు జబ్బ చెల్లించేవాడు. ఈ ఏడు నేను అనుమతి తీసేశాను. అయినా చారల జింకని కొట్టాడు’ అన్నాడు.”

“చెల్లించేవాడు.”

“అవును.”

“చెల్లించేవాడు అన్నాడా? నాకు మాత్రం ‘తీసుకున్నానన్నాడు’ అని చెప్పావు.”

“తీసుకున్నానని కూడా అన్నాడు. మిగతాది… నువ్వు నవ్వుతున్నావు మామయ్యా. నలుగురి వంకా చూసి నవ్వుతున్నావు. నాకు నోరు రాలేదు.”

“నోటితో బతికేవాడివి. నోరు రాలేదట.”

“వాడినేం అనకయ్యా. వాడేం చేశాడు?”

“నువ్వు ఊరుకో. అల్లుడూ, వాడు మా కొండకొచ్చిన రోజు నేను చూశాను. ఎడ్లబండి బురదలో దిగబడింది, పెళ్ళాం చలిజ్వరంతో వణుకుతోంది. ఆకలి మొహాలు. అతిథులొచ్చారనుకున్నాను. ఆ సాయంత్రమే అడవిపందిని కొట్టాను. జబ్బ కోసి దీని చేతికిచ్చి, తీసుకెళ్ళి ఇచ్చి రమ్మన్నాను. అవునా తబుతానీ?”

“ఇచ్చావు.”

“ఆకలితో వచ్చినవాడికి నేను పెట్టింది, నేను చెల్లించిన పన్నయిపోయిందా?”

“అయిపోయింది మామయ్యా.”

“వాళ్ళ దేశంలో ఆకలేసినవాడికి అన్నం పెడితే పెట్టినవాడు బంటైపోతాడా? ఆ దేశంలో ఎవరూ ఎవరికీ పెట్టరా?”

“పెడతారు. మా మిషను బడిలో పాదిరీ దొర ప్రతి ఆదివారం అదే చెప్పేవాడు. ఆ మాట కోర్టులో చెల్లదు.”

“అంబలి చల్లారిపోతోందయ్యా.”

“నీకు అంబలి గోల తప్ప ఇంకేం పట్టదా?”

“పట్టినవన్నీ నోటితో అంటామా?”

“మామయ్యా, ఇంకో మాట ఉంది. వింటావా? కోప్పడకుండా వినాలి.”

“చెప్పు.”

“దొర వకీలు నన్ను పక్కకి పిలిచాడు. దొరకి నిన్ను జైల్లో పెట్టించాలని లేదట.”

“ఎంత జాలి.”

“విను. ఒక కాగితం రాసుకొచ్చాడు. దొర అనుమతితోనే వేటాడతానని, కొట్టిన ప్రతి జంతువుకీ ఎప్పటిలాగే దొర వంటింటికి జబ్బ చేరుస్తానని, చారల జింకని మాత్రం ముట్టుకోనని. వేలిముద్ర వేస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడట. ఈ సాయంత్రమే ఇంటికి పోవచ్చు.”

“చారల జింకని ఎందుకు ముట్టుకోకూడదట?”

“వాళ్ళ దేశం నుంచి చుట్టాలొస్తారు. కొమ్ముల కోసం. గోడకి తగిలించుకోవడానికి.”

“తినరా?”

“తినరు.”

“వెయ్యకపోతే?”

“వచ్చే వానల దాకా జైలు. అది సరే, దాని వెనక ఇంకోటుంది. నువ్వు అడవిలో ఉండకూడదని ఉత్తర్వు. గుడిసె పీకేస్తారు. తేనెతొట్లు దింపేస్తారు. మిమ్మల్ని కింద మైదానంలో, సర్కారు గిరిగీసిన చోట దింపుతారు. మీ అబ్బాయిల్ని కూడా.”

“మైదానంలోనా? అక్కడేముంది, ముళ్ళకంపా, ఈగలూ. తేనె మాటేంటి?”

“తేనె లేదు మామయ్యా.”

“ఏమయ్యా.”

“ఏంటే?”

“వేలిముద్రేగా. వెయ్యి.”

“ఏమన్నావు?”

“వెయ్యమన్నాను. వేలు అరిగిపోదు. తొట్లు మిగులుతాయి. పిల్లలు చెట్టు నీడన ఉంటారు.”

“ఆ కాగితం మీద ఏం రాసుందో విన్నావా నువ్వు?”

“విన్నాను. ఎప్పటిలాగే అని రాసుంది కదా నాయనా, దొర వంటింటికి?”

“అవునత్తా. ఎప్పటిలాగే.”

“మరి కొత్తగా చేసేదేముంది? ఎప్పటిలాగే చేద్దాం.”

“నవ్వుతున్నావా తబుతానీ?”

“నవ్వట్లేదు. పొగ తగిలింది కళ్ళకి.”

“ఇక్కడ పొయ్యెక్కడుంది పొగకి?”

“అత్త చెప్పింది కూడా ఆలోచించు మామయ్యా. అదే జబ్బ, అదే దారి, అదే వంటిల్లు. నీ మనసులో నువ్వు అతిథికే పెడుతున్నావనుకో. వాళ్ళ కాగితంలో వాళ్ళు ఏమైనా రాసుకోనీ.”

“నీకు ఈ తెలివి మిషను వాళ్ళు నేర్పారా? మీ అయ్య నేర్పాడా?”

“మా అయ్య మాటెందుకిప్పుడు?”

“ఎందుకంటే వాడూ ఇలాగే అన్నాడు కాబట్టి. ఈ దొర రాకముందే సర్కారు చెట్లు కొట్టిస్తుంటే మొదట గొడ్డలి పట్టింది వాడే. ‘చెట్టు ఎవరిదైతేనేం, కూలి కూలే’ అన్నాడు. అలాంటివాణ్ణి కట్టుకుంటానంది మీ అమ్మ. ఆ రోజే చెప్పాను చెబొర్గేకి, నువ్వు నాకు చెల్లెలివి కాదని. వాడు కొట్టిన చెట్టే వాడి మీద పడింది. అప్పుడు కూడా నేను పోలేదు.”

“తెలుసు. నేనున్నాను కదా అక్కడ. నిలబడటం వచ్చిన వయసే నాది.”

“సర్కారు కూలీల గుడిసెల్లో గడ్డి కోసి నిన్ను సాకింది మీ అమ్మ. చచ్చేదాకా నా ముందు చెయ్యి చాపలేదు. ఆ రోషం మాత్రం మా ఇంటిదే. నా పొయ్యి మీది ముక్క దాని గుమ్మం చేరకూడదన్నాను. చేరలేదు. అవునా తబుతానీ?”

“తాగయ్యా ఆ కాస్తా. బుర్ర ఖాళీ చెయ్యి, పట్టుకుపోవాలి.”

“అడిగినదానికి చెప్పదు. ముసలితనం వచ్చాక దీనికి చెవుడు కూడా వచ్చింది.”

“మామయ్యా, పాత సంగతులు తవ్వుకునే పొద్దు కాదిది. గంట కొట్టేస్తారు. ఇంకో దారి ఉంది. చెప్పనా?”

“ఇందాకే చెప్పొచ్చుగా.”

“సందేహంగా ఉండి చెప్పలేదు. నకూరులో పై కోర్టుంది. అక్కడొక ఇండియా వకీలు ఉన్నాడు. ఆయనకి నీ కేసు తెలుసు. అప్పీలు వేస్తానన్నాడు, ఒక్క సాక్ష్యం దొరికితే.”

“ఏం సాక్ష్యం?”

“జబ్బ చేతికిచ్చేటప్పుడు మన వాళ్ళు ఒక మాటంటారు కదా. ‘మా అడవిలో దిగినవాడా, తిని చల్లగా ఉండు’ అని. ఆ మాట అని ఇచ్చినట్టు రుజువైతే, అది పన్ను కాదు, పెట్టుపోత అని వాదించొచ్చట. పన్ను కట్టేవాడు దొరని ‘మా అడవిలో దిగినవాడా’ అనడు కదా. ఇచ్చిన మనిషి స్వయంగా వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. నువ్వు చెబితే చాలదు, నువ్వు వెళ్ళలేదు కాబట్టి.”

“నేనెలా వెళ్తాను? పెట్టినవాడు తినే చోటికి పోయి చూడకూడదు. అది మర్యాద కాదు. ఇంటి ఆడది మోసుకెళ్ళాలి, ఆ మాట అనాలి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి.”

“అందుకే అత్త కావాలి.”

“ఉందిగా ఎదురుగా. ఏమే, అన్నావు కదా ఆ మాట?”

“ఏ మాట?”

“వినలేదా? తిని చల్లగా ఉండు, అని.”

“అనేదాన్ని.”

“విన్నావా అల్లుడూ? రాసుకో.”

“అత్తా, ఎవరితో అనేదానివి? దొర స్వయంగా వచ్చి అందుకునేవాడా, వంటవాడా? నీ మాట వాళ్ళకి అర్థమయ్యేదా?”

“ఎవరో ఒకరు అందుకునేవారు నాయనా. ఆకలేసినవాళ్ళకి అన్ని మాటలూ అర్థమవుతాయి.”

“అలా కాదు. వకీలు గుచ్చిగుచ్చి అడుగుతాడు. ఏ గుమ్మంలో, ఎవరి చేతికి…”

“నన్నెందుకు లాగుతారు మీ గొడవలోకి? ఆయన్ని వేలిముద్ర వెయ్యమను. ఏమయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను. వెయ్యి.”

“తబుతానీ. ఇన్నాళ్ళలో నువ్వు నా కాళ్ళు పట్టుకుంటానన్నది ఇదే మొదలు. ఎందుకు?”

“నువ్వు జైల్లో చచ్చిపోతావు కాబట్టి. ఆకాశం కనబడకపోతే రెండో రోజుకే అన్నం మానేస్తావు. నాకు తెలీదా?”

“చావనీ. నేను పెట్టిన ముక్కని పన్ననిపించుకుని ఆ అడవిలోకి ఏ మొహంతో అడుగు పెడతాను? మా తాత తొట్టి కింద నిలబడి ఏం చెప్పను? నేను పెట్టాను. వాడు తిన్నాడు. అది జరిగింది. జరిగినదాన్ని జరగలేదని నా వేలితో నేను రాయను.”

“జరిగిందో లేదో…”

“ఏంటి?”

“ఏం లేదు.”

“మామయ్యా, గంట కొట్టారు. లే. ఆఖరిసారి అడుగుతున్నాను, కాగితం?”

“మడిచి మెరిడిత్ దొరకే ఇచ్చెయ్యి. కొమ్ముల పక్కన గోడకి తగిలించుకోమను.”

ముసలివాణ్ణి, అతని వెంట దుబాసీని లోపలికి పిలిచారు. తబుతానీ సొరబుర్ర కడిగి, గోడ నీడన కూర్చుంది. నీడ కాస్త జరిగేసరికి సనారే ఒక్కడే బయటికి వచ్చాడు.

“అయిందా నాయనా?”

“అయిందత్తా.”

“ఏదీ ఆయన?”

“ముందు వాకిలి నుంచి తీసుకుపోతున్నారు. లారీ అక్కడుంది. ఇక్కడికి తీసుకురారు. నిన్ను చూడనివ్వమని అడిగాను, కాదన్నారు.”

“వచ్చే వానల దాకానా?”

“ఇంకా ఎక్కువే. కాగితం వద్దన్నాడు కదా, మేజిస్ట్రేటుకి కోపమొచ్చింది. కోర్టుకి మర్యాద ఇవ్వలేదన్నాడు.”

“ఆయనేమన్నాడు అంతగా?”

“తనన్నది అన్నట్టే చెప్పమన్నాడు. చెప్పాను. ‘ఈ దొర నా అన్నం తిన్నాడు. తిన్నవాడి నోటితో అబద్ధం, పెట్టినవాడి చేతికి గొలుసు. మీ న్యాయం తిన్నవాడి వైపుంటే ఉండనీ. నేను పెట్టినవాణ్ణి, అదే మాట మీద పోతాను’ అన్నాడు.”

“పెట్టినవాణ్ణి అన్నాడా?”

“అన్నాడు. తల పైకెత్తి వెళ్ళాడు. చూస్తే నీకు గర్వంగా ఉండేది.”

“గుడిసె?”

“ఈ నెలలోనే. బావలకి కబురు పంపాను. అత్తా, ఏడవకు.”

“ఏడవట్లేదు. నాయనా, ఒకటి అడుగుతాను. పొద్దున దొర లేచి మాట్లాడాడు చూడు, అప్పుడు నా వైపు వేలు చూపించాడు. నేను వెనక నేల మీద కూర్చున్నాను. ఎందుకు చూపించాడు?”

“నీకప్పుడు చెప్పలేదు. వకీలు అడిగాడు, జబ్బ ఎవరు తెచ్చేవారని. ‘అదుగో ఆ ముసలామె, అతని పెళ్ళాం’ అన్నాడు.”

“నా మొహం గుర్తుందన్నాడా?”

“బాగా గుర్తుందన్నాడు. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, తన చేతికే ఇచ్చి, దండం పెట్టి వెళ్ళేదన్నాడు.”

“దండం కూడా పెట్టేదాన్నా?”

“అలాగే అన్నాడు. దానికి మేజిస్ట్రేటు తలూపాడు. దండం పెట్టారంటే పన్నే అన్నమాట, వాళ్ళ లెక్కలో.”

“మాంసం ఎలా ఉండేదన్నాడు?”

“ఏంటత్తా, ఆ ప్రశ్న?”

“ఏమీ అనలేదా?”

“అన్నాడు. అడవిపంది జబ్బ కాస్త గట్టిగా ఉంటుంది, జింక జబ్బ బాగుంటుంది అని. నలుగురూ నవ్వారు.”

“ఇదంతా చెప్పేముందు ఆ బల్ల మీది పుస్తకం మీద చెయ్యి పెట్టాడా?”

“పెట్టాడు. అది బైబిలు. దాని మీద చెయ్యి పెట్టి, నిజమే చెబుతాను, నిజం తప్ప చెప్పను అనాలి.”

“మీ బడిలో నేర్పిన పుస్తకమేనా?”

“అదే.”

“దాని మీద చెయ్యి పెట్టి అబద్ధం చెబితే?”

“పాపం. ఇక్కడైతే నేరం కూడా. జైలుంది దానికి.”

“దొరకైనా?”

“దొరకైనా. అలాగని రాసుంది.”

“రాసిందంతా జరుగుతుందా?”

“అది వేరే మాటత్తా. కానీ అబద్ధమని రుజువైతే కేసు నిలవదు. మామయ్యని వదిలెయ్యాల్సిందే. అయినా రుజువేం చేస్తాం? జబ్బ పంపానని మామయ్యే అన్నాడు, అందిందని దొరా అన్నాడు. ఇద్దరూ ఒకే మాట మీదున్నారు. ఇద్దరూ ప్రమాణం చేశారు.”

“నన్నెవరూ ప్రమాణం చెయ్యమనలేదు.”

“ఆడవాళ్ళని అడగాలని వాళ్ళకి తోచదు. నకూరులో నేను అడిగిస్తాను. నువ్వు ఆ ఒక్క మాట, తిని చల్లగా ఉండమన్న మాట చెబితే…”

“నకూరు దాకా ఎందుకు? ఆ ఎత్తు కుర్చీ ఆయన వెళ్ళిపోయాడా?”

“లేదు. లోపల ఇంకో కేసు చూస్తున్నాడు.”

“మెరిడిత్ దొర?”

“వరండాలో చుట్ట కాలుస్తున్నాడు. ఎందుకు?”

“నేను నిజం చెబితే మీ మామయ్య తిరిగొస్తాడు. వచ్చినా ఇక నా చేతి కూడు తినడు. పెట్టినవాణ్ణనే ఆ మాట ఒక్కటే పట్టుకుని లారీ ఎక్కాడు. దాన్ని నేను లాగేసుకోవాలి.”

“నాకర్థం కావట్లేదత్తా.”

“నన్ను చెయ్యి పట్టుకుని లేపు. మోకాళ్ళు పట్టేశాయి.”

“ఎక్కడికి?”

“ఆ పుస్తకం దగ్గరికి.”

“అత్తా, ముందు నాకు చెప్పు. అక్కడ ఏం చెబుతావు?”

“ఆ దొర వంటింటి గుమ్మం ఎటు తిరిగుంటుందో కూడా నాకు తెలీదు నాయనా, ఆ జబ్బలన్నీ మీ అమ్మ కుండలో ఉడికాయి, తిని చల్లగా ఉండమని నేనన్నది నీతోనే.”